జేబులోని కార్డు

సోమవారం పొద్దున అలిపిరి మెట్ల మీద నుంచి అంబులెన్సులో తెచ్చిన గంగులమ్మ చేతులు మణికట్ల దాకా పసుపు. గోళ్ల సందుల్లో కుంకుమ ఎండిపోయి ఉంది. మెట్టు మెట్టుకూ పసుపు రాసి బొట్టు పెట్టి కొండెక్కుతానని మొక్కుకున్న మనిషి. గాలిగోపురం దాకా కూడా పోలేదు. కళ్లు తిరిగి మెట్టు మీదే కూలబడింది.

ఎమర్జెన్సీలో ఆమెను మొదట చూసింది జయరావు. ఆ ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా నర్సు. ఉద్యోగం చేస్తూనే నర్స్ ప్రాక్టీషనర్ పీజీ చదువుతున్నాడు. పొద్దున వార్డు, మధ్యాహ్నం పై అంతస్తులో క్లాసు. ఆ చదువులో రోగిని మొదట విద్యార్థే చూడాలి. మాట్లాడాలి, గుండె వినాలి, పొట్ట తట్టి చూడాలి, జబ్బేదో తన బుర్రతో ఆలోచించి గైడ్ డాక్టరు ప్రసన్నకుమారికి చెప్పాలి. ఆమె సరిచూసి మందు రాస్తుంది.

రాసింది మాత్రం ఆమె పేరు మీదే పోతుంది. రెండేళ్లుగా జయరావు కనిపెట్టిన ప్రతి గుండెచప్పుడు కింద, ప్రతి వాపు కింద 'డాక్టర్ ప్రసన్నకుమారి' అనే ఉంటుంది. ఇది ఆసుపత్రి పద్ధతి. అతనికి మాత్రం దోపిడీగా కనిపిస్తుంది.

గురువారం ఆఖరి ప్రాక్టికల్. బయటి నుంచి వచ్చే పరీక్షాధికారి ఎదుట ఒక రోగిని మొదటి నుంచి చివరి దాకా చూసి చూపించాలి. దానికి రోగి ఒప్పుకోవాలి. ఒప్పుకునే రోగి లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే ఏడాది పోయినట్టే. పోయిన వారం ఇద్దరు వద్దన్నారు. తిరుమలలో అంగడి పెట్టుకున్న ఒకాయన, "డాక్టరును రమ్మను, నువ్వొద్దు" అని గోడ వైపు తిరిగిపోయాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన పాకాల ముసలాయన దుప్పటి గొంతు దాకా లాక్కున్నాడు. ఇద్దరూ ముందురోజు బాగానే మాట్లాడినవాళ్లు. రాత్రికి రాత్రి మనసు మారిందంటే ఎవరో మార్చి ఉండాలి. ఎవరో కనుక్కోవాలని జయరావు నిర్ణయించుకున్నాడు.

గంగులమ్మ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బీపీ ఉండాదామ్మా?"

"ఉండాది డాక్టరు సారూ."

"మాత్రలు ఏసుకుంటా ఉండావా?"

"ఏసుకోకుండా ఎట్లుంటాను సారూ! పొద్దన ఒకటి, మాపటికి ఒకటి. ఒక్క పూట కూడా తప్పను." ఆమె పసుపు చేతులు రెండూ జోడించింది. కుడి మణికట్టుకు పసుపుదారం కట్టి ఉంది. కంకణం.

జయరావు మెడలో స్టెతస్కోపు ఉంది. ఆసుపత్రి కార్డు తాడు కూడా మెడలోనే ఉంది. కార్డు మాత్రం చొక్కా జేబులో ఉంది. దాని మీద నీలం పట్టీ, పట్టీ మీద 'నర్సు - పీజీ విద్యార్థి' అని ఉంటాయి. వంగినప్పుడు రోగి మొహం మీద పడుతుందని జేబులో పెట్టుకుంటాననేవాడు. ఎవరూ అడగకుండానే అనేవాడు.

'డాక్టరు సారూ' అన్న మాటను అతను సరిదిద్దలేదు. అలాగని తాను డాక్టరునని కూడా అనలేదు.

గుండె విన్నాడు. కాళ్లు నొక్కి చూశాడు. బీపీ పట్టీని రెండుసార్లు బిగించి చూశాడు. నూట తొంభై. ప్రసన్నకుమారి గదికి పోయి అంతా వరుసగా చెప్పాడు.

"మాత్రలు క్రమంగా వేసుకుంటోందా?" అడిగింది ఆమె.

"ఒక్క పూట కూడా తప్పదు మేడమ్."

"రెండు మందులు వాడుతూ కూడా ఇంత ఉందంటే మూడోది కలపాల్సిందే. ఉన్నవాటికి డోసు కూడా పెంచుదాం." అతని మాట మీద ఆమెకు నమ్మకం. రాసేసింది.

గురువారం పరీక్షకు ఈమెనే చూపించాలని జయరావు అప్పుడే అనుకున్నాడు.

మంగళవారం పొద్దున వార్డులో మాత్రల ట్రాలీ కోమలి చేతిలో ఉంది. కోమలి పాతికేళ్లు దాటని స్టాఫ్ నర్సు. ఈ పీజీకి ఆమె కూడా దరఖాస్తు పెట్టుకుంది. ఆసుపత్రి ఒక్కరినే పంపుతుంది. పంపింది జయరావును. వచ్చేసారి సీటు తనకేనని ఆమె అందరితో నవ్వుతూ చెబుతుంది. జయరావు కనుక ఫెయిలైతే ఆ సీటు మళ్లీ అతనికే ఇస్తారో, ఆమెకిస్తారో ఎవరికీ తెలియదు. ఆమె నవ్వు అతనికి నచ్చేది కాదు.

"అవ్వా, నీ పేరు చెప్పు."

"గంగులమ్మ. నిన్న కూడా అడిగినావు గదమ్మే."

"రేపు కూడా అడుగుతా. ఇంకో అవ్వ మాత్రలు నీకు మింగిస్తే మీ కూతురు నన్ను కొండకాడికి తరమదా?"

పక్క స్టూలు మీద కూర్చున్న గంగులమ్మ కూతురు లోకేశ్వరి నవ్వింది. కోమలి చేతి పట్టీ మీది పేరు చూసి, మూడు మాత్రలూ చిన్న గిన్నెలో వేసి, నీళ్లు అందించింది. గంగులమ్మ గిన్నె పట్టుకుని కంకణం వైపు చూసుకుంది.

"ఇది ఇప్పే దాకా..." అని మొదలుపెట్టింది. పక్క మంచం దగ్గర జయరావు వంచిన తల ఎత్తాడు. ఆమె నోరు మూసుకుంది. మూడూ ఒక్కసారే గొంతులో వేసుకుని నీళ్లు తాగింది.

"నోరు తెరువు. నాలిక ఎత్తు. ఆ, మింగినావులే."

"అన్నా, నీ పరీక్ష పేషెంటు మాత్రలు మింగింది. ఇంక నాకు బిర్యానీ బాకీ," అని కోమలి ట్రాలీ తోసుకుంటూ పోయింది.

జయరావు ఆమె వైపు చూడటం లేదు. వార్డు రెండో కొసన ఇన్‌చార్జి సిస్టర్ భారతమ్మ కొత్త రోగి మంచం మీదికి వంగి ఏదో చెబుతోంది. చిన్న గొంతు. రోగి తల ఎత్తి జయరావు వైపు చూశాడు. భారతమ్మ కూడా చూసింది. మాట ఆపి దిండు సర్దింది.

అతను అటు నడిచేసరికి ఆమె పక్క మంచానికి పోయింది.

"ఏం చెప్తా ఉన్నింది సిస్టర్?" రోగిని అడిగాడు.

"ఏం లేదప్పా. ఎవరెవరు సూడొస్తారో చెప్తా ఉండాది," అని ఆ మనిషి కళ్లు మూసుకున్నాడు.

జయరావుకు అది చాలు. భారతమ్మ రిటైరయ్యే ముందు తన కింద పనిచేసినవాడు తనకన్నా పైకి పోవడం చూడలేకపోతోంది. కోమలి ఆమెకు కుడిచెయ్యి. ఒకరు చెబుతారు, ఒకరు చేస్తారు. ఆ మధ్యాహ్నం క్లాసులో పాఠం ఒక్క ముక్క కూడా అతని చెవికెక్కలేదు. గంగులమ్మను వాళ్ల నుంచి ఎట్లా కాపాడుకోవాలా అనే ఆలోచించాడు. కిందికి దిగి లోకేశ్వరిని వరండాలోకి పిలిచాడు.

"ఎవరేం చెప్పినా మీయమ్మను నేను తప్ప ఎవరూ సూడకూడదని చెప్పు. సరేనా?"

"అట్లనే సారూ. మాకు మీరే గదా డాక్టరు."

అతను తల ఊపాడు.

బుధవారం పొద్దున మాత్రలు పడి కొంతసేపయ్యాక బాత్రూము తలుపు దగ్గర ఏదో పడిన చప్పుడైంది. గంగులమ్మ. లోకేశ్వరి అరుపు వార్డంతా వినిపించింది. భారతమ్మా కోమలీ పరిగెత్తి ఆమెను నేల మీదే పడుకోబెట్టి కాళ్లు పైకెత్తి పట్టుకున్నారు. బీపీ ఎనభైకి పడిపోయింది. ఒళ్లు చెమట. సెలైన్ ఎక్కించారు. తలకు దెబ్బ తగల్లేదు. మోచెయ్యి చెక్కుకుపోయింది. కాసేపటికి కళ్లు తెరిచి, "మెట్టు జారిందామ్మే?" అని అడిగింది.

జయరావు వచ్చి మంచం కాళ్ల వైపు నిలబడ్డాడు. మొదట అతను చూసింది రోగిని కాదు, కోమలిని.

"ఏం మాత్రలిచ్చినావు?"

"రాసినవే అన్నా."

"ఎన్ని?"

"మూడు. రాసింది మూడు గదా."

"రెండుసార్లు ఇచ్చుంటావు."

కోమలికి ఆ మాట వెంటనే అర్థం కాలేదు. అర్థమైనాక భారతమ్మ వైపు చూసింది.

"జయరావూ, గమ్మునుండు," అంది భారతమ్మ. "ముందు మనిషిని సూడు."

అతను గమ్మునుండలేదు. నేరుగా ప్రసన్నకుమారి గదికి పోయాడు. డబుల్ డోసు పడి ఉండొచ్చన్నాడు. ఆ అమ్మాయికి ఈ సీటు మీద కన్నుందన్నాడు. కావాలని చేసిందని తాను అనడం లేదన్నాడు. అనడం లేదని రెండుసార్లు అన్నాడు.

ప్రసన్నకుమారి మొదట మూడో మాత్ర ఆపేసింది. మిగిలిన రెంటి డోసు తగ్గించింది. ఆ తర్వాత నర్సింగ్ సూపరింటెండెంటుకు ఫోన్ చేసింది. విచారణ అయ్యేదాకా కోమలి మందుల ట్రాలీ ముట్టుకోకూడదని మధ్యాహ్నానికి ఆర్డరు వచ్చింది. ఆమెను కింది అంతస్తులో కట్లకు వాడే గాజుగుడ్డ మడిచే గదికి పంపారు. కోమలి ట్రాలీ తాళంచెవి నడుము దగ్గర నుంచి తీసి భారతమ్మ చేతిలో పెట్టింది. జయరావు ముందు నుంచే పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. తప్పు చేసినవాళ్లు అట్లాగే పోతారని అతను అనుకున్నాడు.

గురువారం పొద్దున అతను ఇస్త్రీ తెల్లకోటు వేసుకుని వార్డుకు వచ్చాడు. పరీక్షాధికారి ప్రసన్నకుమారి గదిలో కాఫీ తాగుతున్నాడని తెలిసింది. గంగులమ్మ మంచానికి తెర లాగి ఉంది. తెర వెనక భారతమ్మ గొంతు.

ఈసారి అతను అడుగు చప్పుడు కాకుండా పోయి నిలబడ్డాడు.

"...ఆయన డాక్టరు కాదమ్మా. నా మాదిరే నర్సు. పెద్ద చదువు చదువుతా ఉండాడు. ఈ పొద్దు ఆయనకు పరీక్ష. నువ్వు సరేనంటేనే నిన్ను సూస్తాడు. వద్దన్నావంటే ఎవరూ ఏమీ అనరు. నీ వైద్యం నీకు జరగతాది."

జయరావు తెర తొలగించాడు. "సిస్టర్, ఇట్ల రా."

దుప్పట్లు పెట్టే గదిలో ఆమెను నిలబెట్టి అడిగాడు. గొంతు తగ్గించాలని చూశాడు. తగ్గలేదు.

"పరీక్ష రోజు కూడానా? ఆ ఇద్దరినీ చెడగొట్టింది నువ్వే గదా? నీకు నేనేం అన్యాయం చేసినాను?"

భారతమ్మ చేతిలో ఉన్న దిండు గలేబు మడత పెట్టడం ఆపలేదు.

"డాక్టరు కాదని చెప్పినా. అబద్ధమా?"

"అదెందుకు చెప్పాల?"

"అది నువ్వు చెప్పాల. చదువుకునేవాడు ముందుగా చెప్పి, ఒప్పుకుంటేనే చెయ్యెయ్యాలని మీ చదువులోనే ఉండాది. నువ్వు చెప్పవు. అందుకే నేను చెప్తా. అందరికీ చెప్తా. చెప్పినోళ్లలో దాదాపు అందరూ సరేనన్నారు. వద్దన్నది ఇద్దరు. ఆ ఇద్దరినే నువ్వు మనసులో పెట్టుకున్నావు."

అతను గది తలుపు దగ్గరగా వేశాడు.

"ఈమెకే ఆలస్యంగా చెప్పినా. ఈమెను ఎమర్జెన్సీలో నువ్వే పట్టుకున్నావు. వార్డుకొచ్చినాక కూతురును పక్కకు పిలిచి నువ్వు తప్ప ఎవరూ సూడకూడదన్నావంట." ఆమె గలేబు అరలో పెట్టింది. "కార్డు జేబులో ఎందుకుండాదప్పా?"

వార్డులో నుంచి ప్రసన్నకుమారి పిలిచింది.

పరీక్షాధికారి సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చాడు. తెలుగు నిదానంగా మాట్లాడుతాడు. మంచానికి ఒక పక్క ఆయన, ఆయన వెనక ప్రసన్నకుమారి. కాళ్ల దగ్గర భారతమ్మ. జయరావు స్టూలు మీద కూర్చున్నాడు. అతనికి ఒక్కటే అనుమానం: ఈమె నోరు తెరిచి వద్దంటుంది.

గంగులమ్మ అతన్ని కొత్తగా చూసింది. చేతుల పసుపు చాలావరకు పోయింది. గీతల్లో మాత్రం మిగిలింది.

"నువ్వు డాక్టరు కాదంట గదా నాయనా?"

పరీక్షాధికారి జయరావు వైపు చూశాడు. కార్డు కోసం మెడ వైపు కూడా చూశాడు.

"కాదమ్మా. నర్సును."

"మరి ఆ పొద్దు చెప్పలేదే?"

"చెప్పలేదు."

ఆమె దిండు మీద కొంచెం పైకి జరిగింది. మంచం పట్టీ మీద ఉన్న అతని చెయ్యి దగ్గరికి తన చెయ్యి తెచ్చింది.

"నర్సువైతే నీకు చెప్పొచ్చు. తిట్టవు గదా? నేను మాత్రలు ఏసుకోలేదప్పా."

"ఏ మాత్రలు?"

"బీపీవి. ఇదో, ఈ దారం కట్టుకున్న కాడి నుంచి ఒక్కటి కూడా ఏసుకోలేదు. కొండెక్కి స్వామిని సూసి ఇది ఇప్పేదాకా ఇంగిలీషు మందు ముట్టనని మొక్కుకున్నా. ఆ పొద్దు డాక్టరు సారు అడిగితే లేదని ఎట్ల చెప్పేది? మా ఊరి డాక్టరుకు ఒకసారి నిజం చెప్పినా. అందరి ముందర నానా మాటలన్నాడు. డాక్టర్లకు మనం సరిగ్గా ఉన్నామనే చెప్పాల. ఈడికొచ్చినాక ఆ పిల్ల ఎదురుగా నిలబడి నోరు తెరిపించి మింగించింది. మొక్కు పాయ."

తెర అవతల ఉన్న లోకేశ్వరి, "అమ్మా!" అంది. ఆమెకు కూడా తెలియదు.

జయరావు చేతులు పని ఆపలేదు. బీపీ చూశాడు. పడుకోబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి, లేపి నిలబెట్టి భుజం పట్టుకుని ఒకసారి. గుండె విన్నాడు. కొండెక్కేదాకా మాత్రలు మానకుండా ఉండలేవా, పోనీ కొండ మీద పూజారిని అడిగి ఆ దారం ఇక్కడే విప్పొచ్చా అని అడిగాడు. మొక్కును వెక్కిరించలేదు. ఈ చదువుకు ముందు వట్టి నర్సుగా ఉన్నప్పుడు ఎట్లా అడిగేవాడో అట్లాగే అడిగాడు.

తెర బయటికి వచ్చాక పరీక్షాధికారి కేసు షీటు తిప్పాడు.

"నిన్న పడిపోయిందని ఉంది. ఎందుకు?"

"చాలా రోజులుగా ఏ మందూ లేదు సార్. రెండూ వేసుకుంటోందనుకుని డోసు పెంచి, మూడోది కూడా కలిపారు. అన్నీ ఒక్కసారే పనిచేసినాయి. లేచి నిలబడేసరికి బీపీ పడిపోయింది."

"మాత్రలు ఇచ్చిన నర్సు తప్పు ఏమైనా ఉందా?"

"లేదు సార్. రాసినట్టే ఇచ్చింది."

"మొదటి రోజు 'క్రమంగా వాడుతోంది' అని ఉంది. ఈ హిస్టరీ తీసుకున్నది ఎవరు?"

షీటు మీద డాక్టర్ ప్రసన్నకుమారి పేరుంది. రెండేళ్లుగా అతన్ని తినేసిన ఆ పేరు ఇప్పుడు అతనికి అడ్డంగా నిలబడింది. గమ్మునుంటే చాలు. ప్రసన్నకుమారి కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది. భారతమ్మ తెర అంచు పట్టుకుని నిలబడింది. ఇద్దరిలో ఎవరో ఒకరు చెబుతారు. భారతమ్మే చెబుతుంది. ఆమె పెదవులు కదిలినట్టు అతనికి అనిపించింది.

"నేనే సార్," అన్నాడు.

"మీరు ఎవరో ఆ రోజు ఆమెకు చెప్పారా?"

"లేదు సార్."

పరీక్షాధికారి ఏదో రాసుకున్నాడు. ఎక్కువసేపే రాసుకున్నాడు.

ఆయన పోయాక జయరావు భారతమ్మ దగ్గర ఆగాడు.

"నువ్వు చెప్పేస్తావనుకున్నా."

"నేనెందుకు చెప్తానప్పా? అడిగింది నిన్ను గదా," అని ఆమె గంగులమ్మ మోచేతి కట్టు విప్పి చూసింది. ఆమె మొహంలో అతను వెతికినదేదీ లేదు. తాను నిజం చెప్పింది నిజం కోసం కాదని, ఆమె మీది అనుమానం కొద్దీ చెప్పానని ఆమెకు తెలిసిపోయిందా అని మళ్లీ ఒక అనుమానం పుట్టింది.

సాయంత్రం ప్రసన్నకుమారి మెట్ల దగ్గర ఎదురై, "పాసయ్యావు. ఎన్ని మార్కులని అడగొద్దు," అంది. చెయ్యి కలపలేదు.

అతను సూపరింటెండెంటు గదికి పోయి చెప్పాల్సింది చెప్పాడు. అక్కడి నుంచి కింది అంతస్తుకు దిగాడు. కోమలి బల్ల ముందు కూర్చుని గాజుగుడ్డ కత్తిరించి, అంచుల పోగులు లోపలికి మడిచి, చదరాలు చేస్తోంది. పక్కన తెల్లగా గుట్ట పెరిగి ఉంది.

"కోమలీ, సూపరింటెండెంటుకు చెప్పినా. నీ తప్పేం లేదు. రేపటి నుంచి వార్డుకు రా."

"సరే సార్."

అతను ఇంకో మాట కోసం నిలబడ్డాడు. ఆమె ఇంకో గుడ్డ తీసుకుని అంచు మడిచింది. కత్తెర అవసరమైంది. అది అతని వైపు ఉంది. అడగలేదు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి తీసుకుంది.

శుక్రవారం పొద్దున వార్డుకు కొత్తగా ఒకాయన వచ్చాడు. నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో వాచ్‌మన్. ఆయాసం. కోమలి నడుము దగ్గర ట్రాలీ తాళంచెవి మళ్లీ ఉంది. "పేరు మునిప్రసాద్, సార్. పొద్దన్నుంచి ఆయాసం, సార్," అని జయరావుకు అప్పజెప్పి పక్కకు జరిగింది.

మునిప్రసాద్ జయరావును కింది నుంచి పై దాకా చూశాడు. కోమలి వైపు తిరిగి, "ఈ సారు డాక్టరేనామ్మా?" అన్నాడు.

కోమలి ట్రాలీ మీద చెయ్యి వేసి ఎదురుచూసింది.

జయరావు జేబులో నుంచి కార్డు బయటికి తీశాడు. తాడు చివర అది తిరిగి తిరిగి, నీలం పట్టీ రోగి వైపు వచ్చి ఆగింది.

"డాక్టరును కాదన్నా. నర్సును. మొదట నేను సూసి డాక్టరుకు చెప్తా. నీకు సరేనంటేనే."

మునిప్రసాద్ ఒక చేత్తో కార్డు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. జయరావు మెడ దాంతోపాటు వంగింది. మనిషి ఫొటో చూశాడు, మొహం చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు.

"ఉండప్పా. రోంత ఆలోచించుకోని చెప్తా," అని కార్డు వదిలిపెట్టాడు.

కోమలి ట్రాలీ తోసుకుంటూ పక్క మంచానికి పోయింది. జయరావు స్టెతస్కోపు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.